నాన్న వెనకాల, బండి మీద

ఎక్కమన్నాడు, ఎక్కింది. ఎందుకని అడగలేదు, ఎక్కడికని అడగలేదు, అడిగితే ఆ నోట్లోంచి ఏ మాట ఊడిపడుతుందోనని భయం. రెండో శనివారమైనా సెలవివ్వని కాలేజీ, దాని గేటు దగ్గర నాన్నని చూడగానే దుర్గాశ్రీ నడిచేదల్లా ఆగిపోయింది. అమలాపురం వస్తే ఇస్త్రీ చొక్కా లేనిదే గడప దాటని మనిషి, ముత్యాలరాజుగారా, ఆ తెల్ల చొక్కాయనేనా అని బజార్లో గుర్తుపట్టే మనిషి, రొయ్యల చెరువు మీద కట్టుకునే గళ్ళ లుంగీతోనే వచ్చేశాడు. పిక్కల మీద బురద ఎండిపోయి పెచ్చులు లేస్తోంది. తల దువ్వుకోలేదు. లెక్చరర్ గారితో మాత్రం ఎంత మర్యాద! "మా చెల్లికి ఒంట్లో బాలేదండి, మేనకోడల్ని చూడాలంటందండి, కాస్త పంపించండి" అన్నాడు. "ఆయ్, తీసుకెళ్ళండి రాజుగారూ, దాందేవుంది" అన్నారాయన. అత్తకి ఒంట్లో బాగోకపోవడమేమిటి, నిన్న సాయంత్రమే కదా పాలకొల్లు నుంచి ఫోన్ చేసి అమ్మతో పగలబడి నవ్వుతూ మాట్లాడింది, ఆ నవ్వు వంటింట్లోంచి వీధిలోకి వినపడింది కూడాను. అంటే నాన్న అబద్ధం ఆడాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నాన్న అబద్ధమాడగా వినలేదు. అంటే తెలిసిపోయింది. ఇంకేముంది, కొంప మునిగింది, దీపక్ సంగతి నాన్నకి తెలిసిపోయింది.

మామూలుగా అయితే బండెక్కగానే నాన్న భుజమ్మీద చెయ్యేస్తుంది. ఇవాళ వెనకున్న ఇనప కడ్డీ పట్టుకుంది, ఎండకి అది చుర్రుమని కాలుతున్నా వదల్లేదు. ఎదురుగా నాన్న వీపు. చెమటకి చొక్కా అంటుకుపోయి, మెడ వెనక నరం ఒకటి కొట్టుకుంటోంది. ఆ వీపుకి కళ్ళున్నాయేమో, తన మొహంలో ఉన్నదంతా చదివేస్తోందేమోనని తల పక్కకి తిప్పేసుకుంది. బోడసకుర్రు వంతెన మీద గాలి చెంపమీద కొట్టింది. ఎవరు చెప్పుంటారు? బస్సులో రోజూ ముందు సీట్లో కూర్చుని వెనక్కి వెనక్కి చూసే అచ్చమ్మ మామ్మా? పోయిన వారం తాటిపాకలో చెరకురసం బండి దగ్గర ఎవరో మోటారు సైకిలు ఆపి మరీ చూశాడు, వాడా? అప్పుడే అనుకుంది, పక్కకి జరుగు, జరుగు అని దీపక్‌తో అనాలనుకుంది, వాడేమో ఐసు ముక్క బుగ్గన పెట్టుకుని నవ్వుతున్నాడు. వాడికి ప్రతిదానికీ నవ్వే. నీకు భయం లేదా అంటే, ఎందుకు భయం, మనమేం తప్పు చేశాం అంటాడు. ఏం చేశాం. నిజానికి ఏం చేశాం? ఒకే బస్సెక్కాం, ఒకరి పుస్తకాలు ఒకరం ఒళ్ళో పెట్టుకున్నాం, క్రిస్మస్ ముందు వాళ్ళ చర్చిలో వాడు కీబోర్డు వాయిస్తానంటే చున్నీ నెత్తిమీద కప్పుకుని ఆఖరి వరసలో కూర్చుని విన్నాను, వాళ్ళమ్మ అమ్మాజీ టీచరుగారు నేనెవరో తెలియకుండానే చేతిలో కేకు ముక్క పెట్టి, తినమ్మా, సిగ్గెందుకు అంటే తిన్నాను. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, కాలవ గట్టుమీద చెయ్యి పట్టుకున్నాడు. వాడి చేతికే ఎక్కువ చెమట పట్టింది. ఇదంతా నాన్నకి చెబితే ఎంతసేపు, నిమిషంలో అయిపోతుంది. కానీ ఇది ఎవరికి ఎలా చేరుతుందో, నోరు నోరు మారేసరికి ఏ రంగు పులుముకుంటుందో, ఆ చేరిన రూపమే నాన్న చెవిలో పడి ఉంటుంది కదా.

నాన్న చెప్పలేదని కాదు. ఇంటర్లో చేర్చేటప్పుడే చెప్పాడు, చెరువు గట్టుమీద, నీళ్ళు చిలికే ఏరేటర్లు తిరుగుతుంటే ఆ రొదలో వినపడటానికి దగ్గరికి వచ్చి మరీ చెప్పాడు. "చూడమ్మా, కాలేజీ, ఇల్లు. మధ్యలో ఇంకోటి లేదు. ఎవడన్నా వెంటబడ్డాడని నాకు తెలిస్తే ఆడి కాళ్ళుండవు, నీకు చదువుండదు." అని, వెంటనే, మాట గట్టిగా అన్నానేమోనని కాబోలు, జేబులోంచి జీడిపప్పు పొట్లం తీసి ఇచ్చాడు. ఆయన తత్వమే అంత. కొట్టిన చేత్తోనే అన్నం కలిపి పెడతాడు. తనకి డెంగ్యూ వచ్చినప్పుడు ఆసుపత్రి వరండాలో కింద తుండుగుడ్డ పరుచుకుని పడుకున్నది ఈయనే, బొప్పాయి ఆకులకోసం ఊరంతా తిరిగింది ఈయనే, మా అమ్మ మళ్ళీ పుట్టిందిరా అని తనని అందరికీ చూపించుకునేదీ ఈయనే. ఇప్పుడు ఈ వీపు ఆ నాన్నదేనా? ఒక్కసారి వెనక్కి తిరిగి తిట్టరాదూ. నలుగురిలో ఆపి చెంప పగలగొట్టినా ఫరవాలేదు. ఈ మాట్లాడకపోవడమే ప్రాణం తీస్తోంది. నగరం ఊళ్ళో స్పీడు బ్రేకరు దగ్గర బండి ఎగిరితే తన గడ్డం వెళ్ళి నాన్న భుజానికి తగిలింది, నాన్న ఉలిక్కిపడ్డాడు. నాన్నే ఉలిక్కిపడటమేమిటి? తను ముట్టుకోవడం కూడా ఇష్టం లేదు కాబోలు అనుకుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

కల్యాణక్కకి కూడా ఇలాగే మొదలైంది. పెదనాన్న కూతురు, తనకంటే నాలుగేళ్ళు పెద్ద, జడ నడుము దాటి ఉండేది. నర్సాపురంలో కుట్టుమిషన్ నేర్చుకోడానికి పంటు పడవ మీద రేవు దాటి వెళ్ళేది, అక్కడ ఎవరో అబ్బాయి, ఫోటో స్టూడియోలో పనిచేసేవాడు. తెలిసినరోజు ఇంట్లో ఎవరూ అరవలేదు. అదే గుర్తు. అరవలేదు. పెదనాన్న మంచంమీద గోడవైపు తిరిగి పడుకున్నాడు, సూరిబాబు బాబాయి, నాన్న సొంత తమ్ముడు, నువ్వుండన్నయ్యా నేను చూసుకుంటాను అన్నాడు. చూసుకున్నాడు. వారం తిరక్కుండా అక్కకి అంతర్వేది వైపు దూరపు చుట్టానికిచ్చి పెళ్ళి చేశారు. పెళ్ళికూతురికి నలుగు పెట్టింది తనే. ఎడం చెంప వాచి ఉంటే, అక్కడ మెల్లిగా రాయవే అంది అక్క, అంతే, అంతకు మించి మాట్లాడలేదు. ఆ అబ్బాయి సంగతి ఎవరూ ఎత్తలేదు. కాలు పోయిందని ఒకరు, లేదు హైదరాబాదు పారిపోయాడని ఒకరు. ఇప్పటికీ అక్క వస్తుంది, పిల్లాణ్ణి చంకనేసుకుని, అందరితో నవ్వుతుంది, ఫోన్ మోగితే మాత్రం చెయ్యి ఆగిపోతుంది. ఆ అబ్బాయి మనవాడే, కాస్త అటూ ఇటూగా మన కులమే. దీపక్ అయితే చర్చి పేట కుర్రాడు. వాళ్ళ నాన్న జోజిగారికి ఊళ్ళో ఎంత గౌరవముండనీ, అమ్మాజీ టీచరుగారు బాబాయి పిల్లలకే అక్షరాలు దిద్దించారు గాక, బాబాయికి అవేవీ కనపడవు.

తాటిపాక దాటుతుంటే ఎప్పటిలాగే గాలిలో గ్యాసు వాసన. పెట్రోలు బంకు దగ్గర నాన్న బండి ఆపాడు. పెట్రోలు కోసం కాదు. "ఇక్కడే ఉండు" అని అటు గోడ దగ్గరికి వెళ్ళి ఫోన్ చెవిన పెట్టుకున్నాడు. అమలాపురంలో ఎక్కాక విన్న మొదటి మాట. ఇక్కడే ఉండు. ఎక్కడికి పోతాను నాన్నా? పోవాలంటే పోవచ్చు నిజానికి, ఎదురుగా బస్సు ఆగి ఉంది, రెండంగల్లో ఎక్కేయొచ్చు, కాళ్ళు కదలవే! నాన్న ఫోన్లో ఏం మాట్లాడుతున్నాడు? పెదవులు కదలడం లేదు. అవతలివాళ్ళే మాట్లాడుతున్నారు కాబోలు, ఎక్కడికి తేవాలో చెబుతున్నారు కాబోలు. చెవి మార్చాడు, మళ్ళీ నొక్కాడు, మళ్ళీ విన్నాడు. బాబాయే. తీసుకొస్తున్నానురా అని చెప్పడానికే. వచ్చి బండి స్టార్ట్ చేస్తే అందుకోలేదు, ఇంకోసారి కొట్టాడు, ఇంకోసారి కొట్టాడు, నాన్న కాలు చెప్పులో వణికినట్టనిపించింది. కోపమొస్తే మనిషి వణుకుతాడు. నాన్నకి ఇంత కోపం వచ్చిందంటే, అమ్మా దుర్గమ్మ తల్లీ, ఏదో ఒకటి చెయ్యి. దీపక్ వాళ్ళ యేసుబాబూ, నువ్వైనా ఏదో ఒకటి చెయ్యి. ఎవరికి దండం పెడితే ఎవరికి కోపమో కూడా తెలియడం లేదు, ఇద్దరికీ పెట్టింది.

రాజోలు వచ్చింది. మలికిపురం వైపు తిరిగితే ఇల్లు. తిరిగితే కనీసం అమ్మ ఉంటుంది, అమ్మ అడ్డం పడుతుంది, ఏడుస్తుంది, శాపనార్థాలు పెడుతుంది, అయినా ఉంటుంది. తిరుగు నాన్నా, తిరుగు. తిరగలేదు. నేరుగా శివకోడు, నేరుగా దిండి. ఏ ఊరివాళ్ళో కార్లలో దిగి హౌస్‌బోట్ల ముందు ఫోటోలు తీసుకుంటున్నారు, తన ఈడు అమ్మాయి ఒకతె ఎవరి భుజమ్మీదో చెయ్యేసుకుని రెండు వేళ్ళు చూపించి నవ్వుతోంది, వాళ్ళ నాన్నకి తెలుసా, తెలిసీ నవ్వుతోందా? ముందర చించినాడ వంతెన. వంతెన కింద వశిష్ఠ గోదావరి. ఇక్కడ గోదావరి ఎంత లోతుంటుందో తన ఇంట్లో అందరికీ తెలుసు, తాతల నాటినుంచీ వలలు వేసింది ఈ నీళ్ళల్లోనే. నాన్న అలాంటివాడు కాదు. ఛ, ఛ, ఏం ఆలోచనలివి, కన్నతండ్రిని గురించి, కళ్ళు పోతాయి. నాన్న చెయ్యడు. కల్యాణక్క కూడా మా నాన్న అలాంటివాడు కాదనే అంది, ఆ రోజు పొద్దున. ఆయన ఏమీ చెయ్యలేదు నిజమే, గోడవైపు తిరిగి పడుకున్నాడంతే. బండి వంతెన ఎక్కింది. సగం దాకా వచ్చి, పక్కకి తీసి, ఆగింది.

"దిగమ్మా" అన్నాడు.

దిగింది. రెయిలింగుకి దూరంగా జరిగింది, లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ ఒరుసుకుపోతే మళ్ళీ దగ్గరికి రాక తప్పలేదు. ఇప్పుడు నాన్న మొహం చూసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నీళ్ళకేసి చూశాడు, తువ్వాలు కోసం భుజం తడుముకున్నాడు, తువ్వాలు తెచ్చుకోలేదు.

"ఆ టీచరుగారబ్బాయి నంబరు చెప్పు" అన్నాడు ఫోన్ చేతికిస్తూ. "నువ్వే కొట్టు. కొట్టి, ఎవరు పిలిచినా గుమ్మం దిగద్దని చెప్పు. సూరిబాబుకి తెలిసిపోయింది. పొద్దున్నే తాగొచ్చి చెరువు మీద నా పీక పట్టుకున్నాడు, నువ్వు చెయ్యకపోతే నేను చేస్తానన్నాడు, నీ కాలేజీకే వస్తానన్నాడు. నిన్ను అత్త దగ్గర దింపేస్తే నాకు ధైర్యం, అందుకని ముందు నీకోసవొచ్చేను. సూరిబాబుకెన్ని సార్లు చేసినా ఫోన్ తియ్యట్లేదు. కొట్టమ్మా, తొందరగా."

ఫోన్ చేతిలో ఉంది. నంబరు నాలిక చివర ఉంది. ఎక్కడా రాసుకోకూడదు కనక, ఎక్కడా దాచకూడదు కనక, పడుకునేముందు దండకంలా చదువుకుని నేర్చుకున్న నంబరు. వేలు లేచింది. లేచి ఆగిపోయింది. అక్కా, ఆ రోజు నీకూ ఇలాగే ఫోనిచ్చారు కదూ! ఇదే మాట చెప్పింది అక్క ఒకసారి, పిల్లాడికి స్నానం చేయిస్తూ, తల ఎత్తకుండా. బాబాయే ఇచ్చాడట ఫోను, ఎంతో ప్రేమగా, పిలువమ్మా అబ్బాయిని, మాట్లాడి పెళ్ళి చేసేద్దాం, దాచుకోడమెందుకు అన్నాడట. పిలిచిందట. వచ్చాడట పాపం, కొత్త చొక్కా వేసుకుని. అక్కా, నాన్న కూడా అలాగే ఇస్తున్నాడా? నాన్న కళ్ళు ఎర్రగా ఉన్నది ఏడ్చా, కోపానికా? లెక్చరర్ గారితో అంత తేలిగ్గా అబద్ధమాడినవాడు నాతో ఆడడా? బంకు దగ్గర ఎవరితో మాట్లాడాడు, ఫోన్ తీయలేదంటున్నాడే, నిజమేనా? కొడితే నాకు వాడు తెలుసని నేనే ఒప్పుకున్నట్టు. కొడితే వాణ్ణి నేనే చేతులారా అప్పగించినట్టు. ఈ నీళ్ళ మీద, ఈ గాలిలో, ఎవరిని నమ్మను, చెప్పు నాన్నా, ఎలా నమ్మను?

"నాకెవరూ తెలీదు నాన్నా" అంది.

"అమ్మా."

"ఒట్టు నాన్నా. ఏ టీచరుగారబ్బాయి? నాకెవరి నంబరూ తెలీదు. అమ్మతోడు."

అమ్మతోడు అని అన్నప్పుడు గొంతు ఎక్కడా వణకలేదు, ఇన్నాళ్ళూ నేర్చుకున్నది అదొక్కటే కదా. నాన్న తననే చూస్తున్నాడు. తిడతాడనుకుంది. కొడతాడేమోనని మెడ లోపలికి లాక్కుంది కూడా. నాన్న అది చూశాడు, ఆ మెడ లాక్కోవడం చూశాడు, చూసి వెనక్కి ఒక అడుగు వేసి రెయిలింగు పట్టుకుని కిందకి జారి, రోడ్డుమీదే, లుంగీ బురదతో, కూర్చుండిపోయాడు. నాన్న కింద కూర్చుని తను నిలబడి ఉండటం ఎప్పుడూ జరగలేదు.

"నేనంటే నీకింత భయవా తల్లీ" అన్నాడు. "అమలాపురంలోనే అడగాల్సింది. దారంతా అడుగుదావనే అనుకున్నాను. కన్నకూతుర్ని ఆ కుర్రాడి నంబరు చెప్పమని ఎలా అడగను, నోరు రాలేదు. తిడతాను, నీకు చెయ్యాల్సింది నీకు చేస్తాను, అది వేరు. ఆ పిల్లాణ్ణి చంపేస్తారే అమ్మా. నా తోడబుట్టినోడే, నాకు తెలీదా ఆడి సంగతి. కల్యాణి విషయంలో నేనూ ఊరుకున్నాను. ఆ పాపం చాలు నాకు."

ఏడుస్తున్నాడు. చెరువు మొత్తం తెల్లమచ్చ రోగానికి పోయి, చచ్చిన రొయ్యలు గట్టువారంతా తేలినప్పుడు కూడా ఏడవని మనిషి, లారీలు పోతుంటే రోడ్డుమీద ఏడుస్తున్నాడు. ఇది నాటకం కాదు. దేవుడా, ఇది నాటకం కాదు, నాన్నకి నటించడం రాదు, దారి పొడుగునా నాన్నకీ భయమే, ఆ వీపుకీ భయమే, బంకు దగ్గర వణికింది భయానికే, నేనే చూసుకోలేదు. దుర్గాశ్రీ ఫోన్ నాన్న చేతికిచ్చి నంబరు చెప్పడం మొదలుపెట్టింది. చెబుతుంటే ఏడుపుతో ఒక అంకె మింగేసింది, మళ్ళీ మొదటినుంచి చెప్పింది. నాన్న వేళ్ళు తడిగా ఉండి ఫోన్ అంకెలు తీసుకోవడం లేదు, చొక్కాకి తుడుచుకుని మళ్ళీ నొక్కాడు, గాలికి వినపడదని స్పీకరు పెట్టాడు. మోగుతోంది. తియ్యి, తియ్యి, తియ్యి దీపక్.

"హలో, ఎవరండీ?" ఆడగొంతు. ఆ గొంతు తెలుసు తనకి, తినమ్మా సిగ్గెందుకు అన్న గొంతే.

"టీచరుగారాండీ? నేనండి, ముత్యాలరాజుని. రొయ్యల చెరువు..."

"ఆయ్, రాజుగారా! మీకు నూరేళ్ళాయుష్షండి, ఇప్పుడే మీ మాటే అనుకుంటున్నావండి." ఆవిడ గొంతులో నవ్వు. "రెండో శనివారం కదాండి, నా స్కూలుకీ మావోడి కాలేజీకీ సెలవే, అందరం ఇంట్లోనే ఉన్నాం. మీ తమ్ముడుగారు సూరిబాబుగారు గుమ్మంలోకొచ్చి మరీ పిలిచేరండి. చెరువు పట్టుబడంట కదా, కూరకి రొయ్యలిస్తాను మీ అబ్బాయిని పంపండన్నారు. మాకెందుకండీ అంటే వినరే! చుట్టుపక్కలోళ్ళు తినకపోతే పట్టుబడేంటండీ అన్నారు. మావోడు క్యారేజీ గిన్నె పట్టుకుని ఆయన బండెక్కే వెళ్ళేడండి. ఫోను ఛార్జింగుకి పెట్టుకుని మర్చిపోయేడు. మీరు ఇంకాస్త ముందు చేసుంటే వాడే తీసేవోడండి. వాడితో ఏవన్నా పనాండీ?"

పట్టుబడి నాడు, అంటే చెరువులో రొయ్యలు పట్టే రోజున, గట్టుమీదికి గిన్నెతో వచ్చినవాళ్ళని ఉత్త చేతులతో పంపరు. ఎవరైనా సరే, ఏ పేటవాళ్ళైనా సరే, చెరువు పెట్టిన ప్రతివాడూ ఊరికి చేసే మర్యాద అది, ఆ పిలుపుని అనుమానించేవాళ్ళు ఈ చుట్టుపట్ల పుట్టలేదు. ఇంకాస్త ముందు. నాకెవరూ తెలీదు నాన్నా అన్నంత ముందు. అమ్మతోడు అన్నంత ముందు. ఒక తల్లికి ఏమని చెప్పాలి, మా తమ్ముడు మీ అబ్బాయిని ఎందుకు తీసుకెళ్ళాడో ఏ మాటల్లో చెప్పాలి, ఆ మాటలు నాన్న దగ్గర లేవు.

"హలో? రాజుగారూ? వినపడతందాండీ?"

దుర్గాశ్రీ ఫోన్ లాక్కుంది. బస్సులో, చర్చిలో, కాలవ గట్టుమీద, ఇన్నాళ్ళూ ఎవరికీ వినపడకూడదని మింగిన పేరు, ఇప్పుడు గోదావరి మీద నిలబడి అరిచి చెప్పాలి.

"ఆంటీ, నేను దుర్గాశ్రీనండి, రాజుగారమ్మాయిని. నేనూ దీపకూ... మా బాబాయికి తెలిసిపోయిందండి, అందుకే తీసుకెళ్ళేడండి. తర్వాత నన్నెన్నైనా అనండి, ముందు అంకుల్ని పిలవండి, పేటలో అందర్నీ పిలవండి, పరిగెత్తండి ఆంటీ. మేం రొయ్య పిల్లని వదిలి నెలన్నా కాలేదండి. మా చెరువులో ఇవాళ పట్టుబడి లేదండి."